చెత్త – యంత్రం – బాధ్యత

పారిశుద్ధ్యం గూర్చి మాట్లాడేవారి భాష గత పాతికేళ్లలో చాలా మారిపోయింది. చీపురు, బండి, గొయ్యి అనే మూడు మాటలతో గడిచిపోయిన పనికి ఇప్పుడొక కొత్త నిఘంటువే తయారయింది. నిండగానే కబురు పంపే కుండీలు వచ్చాయి. కాగితాన్నీ ప్లాస్టిక్‌నూ కాంతికిరణంతో గుర్తించి వేరుచేసే యంత్రాలు వచ్చాయి. చెత్తను మండించి కరెంటు తీసే కర్మాగారాలు వచ్చాయి. పాత కంప్యూటర్లకూ ఫోన్లకూ జమాఖర్చులు రాసే ప్రభుత్వ పోర్టళ్లు వచ్చాయి. ఇవన్నీ బాగా పనిచేస్తాయా లేదా అన్నది ఇంజనీర్లు తేల్చవలసిన విషయం. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఒక వస్తువును వాడుకొని పారవేసిన మనిషికీ, దానిని చిట్టచివర చేత్తో తాకే మనిషికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటి? యంత్రం ఆ సంబంధాన్ని మారుస్తున్నదా, లేక దానిని మన కంటికి కనపడకుండా చేస్తున్నదా?

నైతిక ప్రశ్న అనగానే మన మిత్రులలో కొందరికి చిరాకు కలుగుతుంది. నీతి ఉపరితలానికి చెందినది, పునాదిని చూడండి అంటారు. నిజమే, పునాదినే చూద్దాం. చెత్త విషయంలో పునాది ఎంత స్పష్టంగా ఉన్నదంటే, దానిని చూస్తే నీతి ప్రశ్న తప్పించుకోవడం సాధ్యం కాదు.

చెత్త అంటే ఏమిటి? మన భాషలో ‘పెంట’ అనే మాటకు రెండు బతుకులు ఉన్నాయి. పట్నంలో అది తిట్టు, పల్లెలో అది ఆస్తి. పశువుల పేడ, పొయ్యిలో బూడిద, ఇల్లూడ్చిన కసవు, పశువులు తినగా మిగిలిన గడ్డి – అన్నీ పెంటదిబ్బ మీద చేరి, మాగి, ఎండాకాలంలో బండ్ల మీద చేలకు పోయేవి. పెంట తోలడం రైతుకు దున్నడం, విత్తడంవంటి ఒక పని. అదే పదార్థం చేనికి పోయే దారి తెగిపోయి మున్సిపాలిటీ కుండీలో పడగానే అసహ్యమైపోయింది. పదార్థం మారలేదు, దానికీ మనిషి శ్రమకూ నేలకూ ఉన్న సంబంధం మారింది. కనుక చెత్త అనేది వస్తువులో పుట్టుకతో ఉండే గుణం కాదు. అది ఒక సామాజిక సంబంధానికి పేరు.

ఇట్లా అన్నంత మాత్రాన పాత పల్లెను పొగడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. పేడను భద్రంగా పొలానికి చేర్చుకున్న ఆ పల్లెయే చచ్చిన గొడ్డును ఊరి వెలుపలి వాడల మనుషుల భుజాలకెత్తింది. లాభసాటి మురికిని తన దగ్గర ఉంచుకొని, లాభం లేని మురికిని ఒక కులానికి వంశపారంపర్యంగా రాసి ఇచ్చింది. భారతదేశంలో ఒక మనిషి పాకీవాడు కావడానికి కారణం అతడు చేసే పని కాదు, అతని పుట్టుక అని అంబేద్కర్ చెప్పిన మాట మనకు తెలిసినదే. ఇతర దేశాలలో చెత్త వర్గ సమస్య అయితే మన దేశంలో అది వర్గ సమస్యా, కుల సమస్యా కూడా.

పట్నానికీ పొలానికీ మధ్య తెగిపోయిన ఈ దారిని గూర్చి మార్క్సు నూట యాభై ఏళ్ల క్రిందటనే ఆలోచించాడు. పెట్టుబడిదారీ వ్యవసాయం నేలనుంచి తీసిన సారాన్ని తిరిగి నేలకు చేరనివ్వక, మనిషికీ ప్రకృతికీ నడుమ జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని భంగపరుస్తున్నదని ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో రాశాడు. మూడవ సంపుటంలో లండను నగరాన్ని ఉదాహరణగా తీసుకొని, నలభై అయిదు లక్షల మంది మలాన్ని ఎరువుగా వాడుకునే తెలివి లేక, విపరీతమైన ఖర్చు పెట్టి థేమ్సు నదిని పాడుచేస్తున్నారని ఎత్తిపొడిచాడు. అప్పటికి లండనులో యంత్రాలకు కొరత లేదు. కొరత ఉన్నదల్లా ఆ యంత్రాలు ఎవరి ప్రయోజనానికి ఏ పని చేయాలో నిర్ణయించే సామాజిక వివేకానికి.

ఇక మన కాలపు యంత్రాలలో ముందు నిప్పును తీసుకుందాం. చెత్తను తగలబెడితే పోతుందన్న నమ్మకం చాలా పాతది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్కు సహాయంతో, రోజుకు 300 టన్నుల చెత్తను మండించి కరెంటు తీయడానికి ఒక కర్మాగారం కట్టారు. కొద్ది వారాలకే అది ఆగిపోయింది. మన చెత్త మండలేదు. అందులో తడి ఎక్కువ, మట్టి ఎక్కువ. మండగలిగిన కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ చాలావరకు చిత్తుకాగితాలు ఏరుకునేవారు అంతకుముందే ఏరివేశారు. ఐరోపా యంత్రానికి కావలసిన ఆహారాన్ని భుజాన గోతాలతో తిరిగే మనుషులు ముందుగానే తీసుకుపోయారన్నమాట. ఈ సంఘటనలో ఒక పాఠం ఉన్నది. ఏరుకునే మనిషీ, దహనయంత్రమూ ఒకే పదార్థం మీద ఆధారపడి ఉన్నారు. ఒకరు దానిని తిరిగి సరుకుగా మారుస్తారు, రెండవది దానిని పొగగా మారుస్తుంది. యంత్రం కడుపు నిండాలంటే మనిషి కడుపు మాడాలి.

తరువాత యంత్రాలు మెరుగుపడ్డాయి. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన కర్మాగారం అనంతరం 24 మెగావాట్లకు పెరిగింది. విశాఖపట్నంలోనూ గుంటూరు దగ్గరా ఇటువంటివి ఒక్కొక్కటి 15 మెగావాట్లతో వెలిశాయి. జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తగుట్టను మట్టితోనూ ప్లాస్టిక్ తెరలతోనూ కప్పి పైన పచ్చిక పెంచారు. దూరంనుంచి చూచేవారికి అది కొండలాగే కనపడుతుంది. కాని దానినుంచి కారిన నల్లని ఊటనీరు మల్కారం చెరువును ఎప్పుడో చేరింది. చుట్టుపక్కల బస్తీల నీళ్లకు అది ఏళ్ల తరబడి శాపమయింది. గుట్టను కప్పడం తప్పు అని నేననను. కప్పకపోవడంకంటె కప్పడం మేలు. అయితే కప్పడాన్ని పరిష్కారమని పిలవడం మాత్రం తప్పు. పదార్థం నశించదని బడి పిల్లవానికి తెలుసు. మండిన చెత్తలో కొంత వాయువవుతుంది, కొంత బూడిదవుతుంది. ఆ బూడిదలో భారలోహాలు మిగులుతాయి. ఆ బూడిద ఎక్కడికో ఒకచోటికి పోవాలి.

ఎక్కడికి పోతుందో చరిత్రలో ఒక కథ ఉన్నది. 1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు దహనయంత్రంనుంచి వచ్చిన బూడిదను సుమారు 14,000 టన్నులు ‘ఖియాన్ సీ’ అనే ఓడకు ఎత్తారు. ఒక రేవు తరువాత ఒక రేవు దానిని పొమ్మన్నది. చివరకు 1988 మొదట్లో అందులో సుమారు 4,000 టన్నులను హైతీ సముద్రతీరంలో దించి వెళ్లిపోయారు. మిగిలినది సముద్రంలో కలిసింది. హైతీలో దించేటప్పుడు కాగితాల మీద దానికి పెట్టిన పేరు ఎరువు. మన పల్లెలో పెంటకు ఎరువన్న పేరు శ్రమవల్ల వచ్చింది. హైతీలో విషానికి ఆ పేరు మోసంవల్ల వచ్చింది. ఇటువంటి సంఘటనలు ప్రపంచాన్ని కలవరపెట్టిన తరువాతనే 1989లో బాసెల్ ఒప్పందం పుట్టి, 1992లో అమలులోకి వచ్చింది. సంపన్న దేశాలు తమ ప్రమాదకర వ్యర్థాలను పేద దేశాలకు పంపడాన్ని నిషేధించే సవరణ 2019 డిసెంబరులోగాని అమలు కాలేదు. అమెరికా ఆ ఒప్పందం మీద సంతకం చేసింది కాని దానిని ధ్రువీకరించలేదు. చెత్త ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఆ పల్లం భూగోళంలోది కాదు, సమాజంలోది.

ఎలెక్ట్రానిక్ చెత్త దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఎందుచేతనంటే ఇది కేవలం అసహ్యమైన చెత్త కాదు, విలువైన చెత్త. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలెక్ట్రానిక్ వ్యర్థం తయారయింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు రుజువున్నది 22.3 శాతం మాత్రమే. వ్యర్థాన్ని తయారుచేయడంలో చైనా, అమెరికాల తరువాత మూడవ స్థానం మనదే. టన్ను బంగారు ఖనిజాన్ని తవ్వితే సాధారణంగా వచ్చేది కొద్ది గ్రాముల బంగారం. టన్ను పాత ఫోన్లలో దానికి అనేక రెట్లు ఉంటుంది. దానితోబాటు రాగి, వెండి, పల్లాడియం ఉంటాయి. వాటి పక్కనే సీసం, పాదరసం, కాడ్మియం, మండితే విషవాయువులయ్యే ప్లాస్టిక్కులు ఉంటాయి. బంగారమూ విషమూ ఒకే పలక మీద అతుక్కొని ఉన్నాయి. బంగారాన్ని తీసుకొని విషాన్ని వదిలించుకోవడమెట్లా అన్నదే ఈ వ్యాపారానికి ఉన్న ఒకే ఒక సమస్య.

దీనికి విజ్ఞానశాస్త్రం సమాధానం కనుక్కొన్నది. బెల్జియంలోని హోబోకెన్‌లో పొగను పట్టి శుద్ధిచేస్తూ పలకలనుంచి లోహాలను తీసే పెద్ద కర్మాగారం ఉన్నది. అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదులోనే సీమెట్ అనే కేంద్రప్రభుత్వ పరిశోధనశాల సర్క్యూటు పలకలనుంచి లోహాలను సురక్షితంగా వేరుచేసే పద్ధతిని రూపొందించింది. అంటే తెలివి ఉన్నది. అయినా ఢిల్లీ సీలంపూర్ సందులలో ఆడవాళ్లూ పిల్లలూ సుత్తులతో పలకలను పగులగొట్టే పని ఏళ్ల తరబడి సాగింది. మొరాదాబాదులో రాగి కోసం పలకలను కాల్చి, ఆ బూడిదను రామగంగలో కలిపే పని సాగింది. నత్రికామ్లమూ హైడ్రోక్లోరికామ్లమూ కలిపిన తొట్లలో చేతులు పెట్టి బంగారం కడిగేవారు ఈనాటికీ ఉన్నారు. మన దేశపు ఎలెక్ట్రానిక్ చెత్తలో అత్యధిక భాగం వెళ్లేది ఇటువంటి చేతులలోకే.

ఎందుకని? ఆమ్లపు తొట్టి కర్మాగారంకంటె చౌక గనుక. అది చౌక కావడానికి కారణం, దాని లెక్కలో ఒక పద్దు రాయకపోవడం. ఆ పద్దు ఊపిరితిత్తులది. కర్మాగారం పొగగొట్టానికి వడపోత పెడితే ఖర్చవుతుంది. సందులో వడపోతగా మనిషి ఊపిరితిత్తి ఉన్నది, దానికి ధర లేదు. తిరిగి తీసుకోవడానికి కంపెనీ ఇవ్వజూపే ధరకంటె తుక్కు కొనేవాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తున్నాడని మనం సంతోషిస్తాం. ఆ నాలుగు రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో అడగం. అవి ఆ తొట్టి దగ్గర కూర్చున్న మనిషి ఆయుర్దాయంనుంచి వచ్చాయి. కార్మికుని శ్రమనుంచి అదనపు విలువ పుడుతుందని మనం తరగతులలో చెబుతాం. ఇక్కడ అతని శరీరమే కొంచెం కొంచెంగా సరుకు ధరలో కరిగిపోతున్నది.

ఈ సందర్భంలో మన ఉపాధ్యాయ వర్గం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంఘటన ఒకటున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగంలో కోబాల్టు-60 నింపిన పరికరం ఒకటి ఉండేది. పరిశోధన కోసం విదేశంనుంచి తెప్పించిన ఆ పరికరం దాదాపు పాతికేళ్లు వాడకం లేకుండా మూలపడి ఉన్నది. 2010 ఫిబ్రవరిలో దానిని పాత సామానుతోబాటు వేలం వేశారు. మాయాపురి తుక్కు బజారులో కార్మికులు దానిని ముక్కలుగా కోశారు. లోపల మెరిసే లోహమేమిటో వారికి తెలియదు. ఏప్రిల్ నాటికి కొందరి చర్మం నల్లబడింది, జుట్టు ఊడిపోయింది. ఒకరు మరణించారు.

ఈ సంఘటనను అజాగ్రత్త అనే మాటతో ముగించడం తేలిక. కాని అందులోని నైతిక నిర్మాణాన్ని జాగ్రత్తగా చూడాలి. ఆ వస్తువు లోపల ఏమున్నదో తెలిసిన జ్ఞానం విశ్వవిద్యాలయానికి చెందినది. ఆ వస్తువును కోసిన చేయి తుక్కు బజారుకు చెందినది. వస్తువు ఒకచోటినుంచి రెండవచోటికి పోయింది గాని, దానితో పోవలసిన జ్ఞానం పోలేదు. ఈ రెంటి మధ్య జరిగిన వ్యవహారం అమ్మకం. వేలం పూర్తయింది, రసీదు చేతికి వచ్చింది, వస్తువు మాది కాదు అన్నారు. చట్టం ఏమన్నా, ఆస్తి హక్కు రసీదుతో బదిలీ కావచ్చు. బాధ్యత కాదు. తెలిసినవాడు తెలియనివానికి ప్రమాదాన్ని అమ్మినప్పుడు ఆ అమ్మకం బాధ్యతనుంచి విడుదల కాదు, అదే నేరానికి మొదలు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. చెత్త గూర్చిన మన నీతి అంతా ఒక భ్రమ మీద నిలబడి ఉన్నది. అమ్మేస్తే తీరిపోయిందనీ, పన్ను కట్టేస్తే తీరిపోయిందనీ, యంత్రం కొంటే తీరిపోయిందనీ మనం అనుకుంటున్నాం. ఉల్లిపాయలకు పాత ఇనుము తీసుకునే బండి వీధిలోకి వచ్చిన కాలంనుంచి ఇది మన అలవాటు. పాత రోజులలో పగిలిన బిందె పోయి మళ్లీ బిందెగానే వచ్చేది కనుక ఆ అలవాటువల్ల పెద్ద నష్టం లేకపోయింది. ఈనాటి వస్తువు కడుపులో పాదరసం ఉన్నది. అలవాటు మాత్రం బిందె నాటిదే.

ఇక్కడ ఉదారవాదులు ఒక ఆక్షేపణ తెస్తారు. ఆ పని చేయమని ఎవరూ బలవంతం చేయలేదు గదా, అది వారి జీవనోపాధి, దానిని చెడగొట్టడం మాత్రం న్యాయమా అంటారు. ఈ వాదంలో సగం నిజమున్నది, అందుకే అది ప్రమాదకరం. తొట్టి ముందు కూర్చున్న మనిషికి ఉన్న ఎంపిక ఆకలికీ ఆమ్లానికీ మధ్య ఎంపిక. ఆ రెంటినీ అతని ముందు పెట్టిన సమాజం, అతడు ఆమ్లాన్ని ఎంచుకున్నాడని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అంతమాత్రాన ఆ తొట్టిని పోలీసులచేత పగులగొట్టించి, మనిషిని వీధిలోకి నెట్టడం కూడా న్యాయం కాదు. ఘానా దేశపు అక్రా నగరంలో అగ్‌బోగ్‌బ్లోషీ తుక్కు బజారును 2021లో ప్రభుత్వం బుల్డోజర్లతో కూలగొట్టింది. చెత్త ఆగలేదు, కాల్చే పని ఆగలేదు. మనుషులు చెల్లాచెదరై, అదే పనిని మరికొన్ని మూలలకు తీసుకుపోయారు. బుల్డోజరు కూడా ఒక యంత్రమే. పేదరికాన్ని తొలగించలేక పేదవానిని తొలగించే యంత్రం.

యంత్రం ఎవరిని కొలుస్తున్నదో గమనిస్తే అది ఎవరి సేవకుడో తెలుస్తుంది. చండీగఢ్, నాగపూర్, పంచ్‌కులా నగరాలలో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు, వారెక్కడ ఉన్నారో క్షణక్షణం చెప్పే గడియారాలు కట్టారు. మన నగరాలలో ముఖాన్ని గుర్తుపట్టే యంత్రంతో హాజరు వేస్తున్నారు. హాజరు తీసుకోవద్దని ఎవరూ అనరు. కాని ఒక పోలిక చూడండి. వీధి ఊడ్చే మనిషి పది నిమిషాలు టీ తాగడానికి ఆగితే తెలుసుకునే యంత్రం ఉన్నది. ఆమె చేతికి చేతొడుగు ఉన్నదా, ఆమె పీల్చే గాలిలో ఏమున్నది, ఆమె జీతం ఈ నెల కంట్రాక్టరు దగ్గర ఆగిందా అని చూచే యంత్రం లేదు. అటువంటి యంత్రాన్ని తయారుచేయడం కష్టమై కాదు, కావాలని అడిగేవారు కొనేచోట లేకపోవడంవల్ల.

చట్టాల లెక్కలలో కూడా ఇదే గుణం కనపడుతుంది. 2022లో తయారై 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన ఎలెక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు ఒక మంచి సూత్రాన్ని గట్టిపరిచాయి. సరుకును తయారుచేసి అమ్మినవాడే దాని అంతానికి కూడా బాధ్యుడు. అమ్మకంతో బాధ్యత తీరదన్న సూత్రాన్ని కంపెనీల విషయంలోనైనా చట్టం ఒప్పుకున్నదన్నమాట. దీనిని మనం ఆహ్వానించాలి. కాని అమలులో ఆ బాధ్యత సర్టిఫికెట్టుగా మారింది. కంపెనీ తన వాటాకు సరిపడా సర్టిఫికెట్లు కొని చూపితే చాలు. సర్టిఫికెట్టుకు లెక్కకు వచ్చేవి ఇనుము, రాగి, అల్యూమినియం, బంగారం. పోర్టల్లో పేరు నమోదు చేసుకోవలసిన వర్గాలు నాలుగు: తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి అమ్మేవాడు, రీసైక్లరు. ఇంటింటికీ తిరిగి తుక్కు కొనే మనిషి ఆ నాలుగింటిలోనూ లేడు. వస్తువులలో అధికభాగాన్ని నిజంగా సేకరిస్తున్నది అతడే. కాగితం మీద మాత్రం అతడు లేడు. కిలోకు కనీస ధర ఇంత ఉండాలని ప్రభుత్వం నిర్ణయించేసరికి, ఆ స్వల్పమొత్తం కూడా ఎక్కువేనని కొన్ని పెద్ద కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. బాధ్యతను సరుకుగా మారిస్తే దాని ధరను బేరమాడే హక్కు కూడా దానితోనే పుడుతుంది.

ఇంతవరకూ చదివిన పాఠకుడు ఇది యంత్రవ్యతిరేకమైన వాదమని అనుకోవచ్చు. అది పొరపాటు. చెత్తను చేత్తో తాకడంలో పవిత్రత ఉన్నదని ఎవరైనా బోధిస్తే, ఆ పవిత్రతను తరతరాలుగా ఎవరిచేత మోయించారో వారిని అడగమని చెప్పాలి. మనిషి చేయకూడని పనులు ఉన్నాయి. వాటిని యంత్రమే చేయాలి. యంత్రం పని గంటలను తగ్గించగలిగి ఉండి కూడా, పెట్టుబడి చేతిలో వాటిని పెంచుతున్నదని మార్క్సు చూపించాడు. ఆయన ఆగ్రహం యంత్రం మీద కాదు, దానిని పట్టుకున్న చేతి మీద. కనుక ప్రతి కొత్త యంత్రాన్నీ మనం మూడు ప్రశ్నలు అడగాలి. అది వచ్చిన తరువాత అతి ప్రమాదకరమైన పని ఎవరి శరీరం మీద పడుతున్నది? దానివల్ల వచ్చే ఆదాయం ఎవరి చేతికి పోతున్నది? అది చెత్తను తగ్గిస్తున్నదా, లేక తాను బతకడానికి చెత్త పెరగాలని కోరుతున్నదా?

ఈ ప్రశ్నలకు మెరుగైన సమాధానాలు మన దేశంలోనే ఉన్నాయి. పూనా నగరంలో 1993లో చెత్త ఏరుకునేవారు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారిలో చాలామంది దళిత స్త్రీలు. దాని పేరు కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల పంచాయతీ అని అర్థం. అందులోనుంచి పుట్టిన ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకొని ఇంటింటి సేకరణ పనిని తీసుకున్నది. మూడు వేలకు పైగా సభ్యులు ఇళ్లనుంచి రుసుము తీసుకుంటారు, పొడి చెత్తను అమ్ముకున్న డబ్బు కూడా వారిదే. వారికి తోపుడు బండ్లు, వేరుచేసే షెడ్లు, గుర్తింపు కార్డులు వచ్చాయి. ఇందులో మహాద్భుతమైన యంత్రమేదీ లేదు. అయినా ఒక పెద్ద మార్పు జరిగింది. కుప్పలో చేయి పెట్టి ఏరిన మనిషి గుమ్మం దగ్గరే వేరుచేసిన చెత్తను అడిగే మనిషి అయింది. దానం అడిగే చోటునుంచి హక్కు అడిగే చోటికి వచ్చింది. ఆ ఒప్పందాన్ని నిలుపుకోవడానికి వారు పదే పదే పోరాడవలసి వచ్చిందన్నది కూడా మరవరాదు. పెద్ద కంట్రాక్టరు ఎప్పుడూ వాకిట్లోనే నిలబడి ఉంటాడు. అటువంటి సంఘాల చేతికి సీమెట్ వంటి ప్రయోగశాలల తెలివి ఎందుకు అందకూడదు? ఆమ్లపు తొట్టి ముందు కూర్చున్నవారికే పలకలను విప్పే షెడ్డు, చేతొడుగులు, శిక్షణ, వాటా ఇచ్చి, ఆమ్లం పనిని మాత్రం పొగ పట్టే కర్మాగారానికి ఎందుకు అప్పగించకూడదు? ఇది సాంకేతికంగా అసాధ్యం కాదు. రాజకీయంగా అడిగేవారు చాలినంతమంది లేరు, అంతే.

మూడవ ప్రశ్న అన్నిటికంటె లోతైనది. చెత్త కుండీలో పుట్టదు, కర్మాగారంలో పుడుతుంది. 1924లో ప్రపంచంలోని పెద్ద దీపాల కంపెనీలు జెనీవా కేంద్రంగా ఒక కూటమి కట్టి, విద్యుద్దీపం వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి. అంతకంటె ఎక్కువ వెలిగే దీపాలను తయారుచేసిన సభ్యకంపెనీలకు జరిమానా వేశాయి. శాస్త్రజ్ఞుల తెలివిని వస్తువు ఆయుస్సు తగ్గించడానికి వాడారు. 2017లో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని తాను తగ్గిస్తున్నట్లు ఒప్పుకున్నది. ఆ సంగతి కొనుగోలుదారులకు చెప్పనందుకు 2020లో ఫ్రాన్సు దేశం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఒక చేత్తో చెత్తను తయారుచేస్తూ, రెండవ చేత్తో చెత్తను శుద్ధిచేసే యంత్రాలను అమ్ముకోవడం పెట్టుబడికి రెండు లాభాలు. వీటికి ఎదురుగా అబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో చిన్న బల్ల ముందు కూర్చొని, కంపెనీ చచ్చిపోయిందన్న ఫోనుకు ప్రాణం పోసే కుర్రవాడు ఉన్నాడు. చెత్తను తగ్గించే మొదటి సాంకేతిక నిపుణుడు అతడే. విడిభాగాలు దొరకనివ్వక, విప్పడానికి వీలులేకుండా జిగురుతో అంటించి, అతని చేతులు కట్టివేస్తున్నారు. బాగుచేసుకునే హక్కు కోసం జరిగే పోరాటం కొనుగోలుదారుల సరదా కాదు. సీలంపూర్‌లోని ఊపిరితిత్తిని కాపాడే పోరాటంలో అది మొదటి మెట్టు.

మరి చదువుకున్నవారి కర్తవ్యమేమిటి? వ్యక్తిగత పరిశుభ్రతలో మోక్షం వెతకడం కాదు. తడి చెత్తనూ పొడి చెత్తనూ వేరుచేయడం మంచిదే, అది కనీస మర్యాద. అంతటితో మనస్సాక్షికి సెలవు ఇవ్వడమే తప్పు. మన కళాశాలలన్నింటిలోనూ కంప్యూటరు గదులు ఉన్నాయి. అయిదారేళ్లకొకసారి వాటిలోని యంత్రాలు పాతబడతాయి. టెండరు పిలుస్తారు, ఎక్కువ ధర పలికినవానికి ఇస్తారు, స్టాకు రిజిస్టరులో కొట్టివేత సంతకం పడుతుంది. ఎక్కువ ధర ఎందుకు పలుకుతున్నాడో ఆ కమిటీలో కూర్చున్న అధ్యాపకులు అడగాలి. లారీ ఎక్కడికి పోతుందో, ఆ పలకలను ఎవరు ఏ చేతులతో విప్పుతారో రాసి ఇవ్వమని పట్టుబట్టాలి. తక్కువ ధర ఇచ్చినా, సురక్షితంగా విప్పించి కార్మికునికి వాటా ఇచ్చేవారికే ఇవ్వాలని తీర్మానం చేయించాలి. విద్యార్థి సంఘాలు ఫీజుల గూర్చి అడిగినట్లే దీనిని గూర్చీ అడగాలి. పురపాలక కార్మికులు సమ్మె చేసినప్పుడు వీధిలో పేరుకున్న చెత్తను చూపి వారిని నిందించేవారికి, ఆ చెత్త ఎవరిదని జవాబు చెప్పాలి.

అప్పుడు కళాశాలకు నాలుగు రూపాయలు తక్కువ రావచ్చు. ఆడిటరు అభ్యంతరం రాయవచ్చు. రాయనివ్వండి. ఆ నాలుగు రూపాయలు మనవి కావని, అవి ఏ మనిషి ఊపిరినుంచి తీసినవో ఆ మనిషికే చెందుతాయని ఆ రిజిస్టరులోనే జవాబు రాయాలి.